ఒక్క మడి సాక్ష్యం

వంశం గురించి మనం చెప్పుకునే సామెతలు చాలావరకు పొలంలోంచి వచ్చినవే. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అంటాం. "విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అంటాం. రెండింటినీ ఒకే అర్థంలో వాడేస్తాం: తండ్రి ఎలాంటివాడో కొడుకూ అలాంటివాడే, ఎక్కడికి పోతుంది బుద్ధి, అని. కానీ కాస్త ఆగి చూస్తే ఈ రెండూ ఒకే మాట చెప్పట్లేదు. రెండోది నిజంగా విత్తనం గురించే. మొదటిది కాదు. దూడ చేలోకి పోయింది ఆవు రక్తం దాని ఒంట్లో ఉందని కాదు, ఆవు వెనకాల నడిచిందని. అదే దూడని పుట్టిన రోజే ఇంకో కొట్టంలో కట్టేసి, బుద్ధిగా గట్టున మేసే మరో ఆవు వెంట తిప్పితే ఏం చేసేదో? ఎవరూ చూడలేదు. చూడకుండానే సామెత కట్టేశాం.

చూడకుండా కట్టేసిన ఈ తీర్పుల్లోంచి ఒకటి తీసుకుందాం. సిద్దిపేట దగ్గర చింతమడక అనే ఊరుంది. 1954 ఫిబ్రవరి 17న కల్వకుంట్ల చంద్రశేఖర్ రావు పుట్టింది అక్కడే. తర్వాత ఆయన తెలంగాణ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన రాజకీయాలు మనకి నచ్చుతాయా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఇలాంటి ఊళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు "ఆ మట్టిలోనే ఏదో ఉంది" అంటారు. ఇంకొకరు "మట్టిదేముంది, ఆ పుట్టుకే అట్లాంటిది" అంటారు. రెండూ ధీమాగా చెప్పే మాటలే. మొదటివారిని అడగాలి: అదే మట్టి తొక్కి, అదే బావి నీళ్ళు తాగిన మిగతా వాళ్ళందరి సంగతేమిటి? రెండోవారిని అడగాలి: అదే మనిషి ఇంకో ఊళ్ళో, ఇంకో ఇంట్లో, ఇంకో కులంలో పుట్టి ఉంటే ఏమయ్యేవాడో మీకెలా తెలుసు?

ఈ ప్రశ్నని ఒక వరి శాస్త్రవేత్త దగ్గరికి తీసుకెళ్తే జవాబు చాలా పొట్టిగా ఉంటుంది. ఒక విత్తనం, ఒక మడి, ఒక కాలం. దీన్నుంచి ఏమీ చెప్పలేం.

అలా చెప్పలేకపోవడం అజ్ఞానం కాదు. దాని వెనక నూరేళ్ళ క్రమశిక్షణ ఉంది. అది మనుషుల గురించి మాట్లాడేటప్పుడు కూడా మనకి పనికొస్తుందని నా వాదన. అయితే అందులోంచి ఏది తీసుకోవాలో, ఏది అక్కడే వదిలేయాలో జాగ్రత్తగా చూసుకోవాలి.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన మళ్ళున్నాయి. 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, అక్కడి నుంచి వచ్చిందే. ఎంటీయూ 1010ని జేజీఎల్ 3855తో కలిపి చేసిన సంకరం అది. అలాంటి సంకరంలోంచి వందల కొద్దీ వంగడాలు పుడతాయి. వాటిలో ఏది మంచిదో తేల్చాలి. ఒక్కో రకాన్ని ఒక్కో మడిలో వేసి, కోసి, తూకం వేసి, ఎక్కువ వచ్చిందాన్ని ఎంచుకుంటే పోలేదా? పోదు. ఒక మడి కాలవ పక్కనుంటుంది, ఒకటి చివరన ఉంటుంది. ఒకచోట కిందటేడు పేడ కుప్ప ఉండి ఉంటుంది. ఒకచోట చౌడు తేలి ఉంటుంది. మనం తూకం వేసేది వడ్లని. ఆ వడ్లలో విత్తనం వాటా ఎంత, మడి వాటా ఎంత అన్నది కాటా చెప్పదు.

కాబట్టి మూడు పనులు చేస్తారు. ఒకటి, ప్రతి రకాన్నీ ఒకటి కంటే ఎక్కువ మళ్ళలో వేస్తారు. దీన్నే రెప్లికేషన్ అంటారు. రెండు, నేల వాలు చూసుకుని పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ ఉండేట్టు చూస్తారు. మూడు, బ్లాకు లోపల ఏ రకానికి ఏ మడి అన్నది లాటరీ తీసి నిర్ణయిస్తారు. శాస్త్రవేత్తకి ఏదో ఒక రకం మీద ప్రేమ ఉండొచ్చు, ఏళ్ళ తరబడి పెంచుకున్న రకం కావచ్చు. అయినా దానికి కాలవ పక్క మడి ఇచ్చే అధికారం ఆయనకి లేదు. చీటీ ఎక్కడంటే అక్కడే.

ఇప్పుడు లెక్క. అంకెలు నేను ఊరికే అనుకున్నవి, లెక్క నడిచే తీరు మాత్రం అసలుదే. 20 రకాలు, 3 బ్లాకులు, మొత్తం 60 మళ్ళు అనుకోండి. ఒకే రకం వేసిన మూడు మళ్ళలోనూ వడ్లు సమానంగా రావు. బ్లాకుల తేడా తీసేశాక కూడా ఇంకా మిగిలే ఆ హెచ్చుతగ్గులు విత్తనం వల్ల వచ్చినవి కావు, ఎందుకంటే విత్తనం ఒకటే. అదంతా నేల, నీరు, చీడ, చేతివాటం. దాని కొలత 30 అనుకుందాం. రకానికీ రకానికీ మధ్య కనిపించే తేడా కొలత 90 అనుకుందాం. ఈ 90లో విత్తనం తేడా ఒక్కటే లేదు, మడి తేడా కూడా కలిసి ఉంది. అందుకని 90లోంచి 30 తీసేస్తే 60. ఈ కొలత కట్టేటప్పుడు మూడు మళ్ళనీ కలుపుకున్నాం కాబట్టి దాన్ని 3తో భాగిస్తే 20. ఇది విత్తనాల మధ్య అసలు తేడా, జన్యుపరమైన వేరియన్స్. కనిపించే మొత్తం తేడాలో దీని వాటానే హెరిటబిలిటీ అంటారు. తెలుగులో అనువంశికత అనొచ్చు. నేను మాత్రం సూటిగా "విత్తనం వాటా" అంటాను.

ఆ వాటా ఎంత? ఒక్కో మడినీ విడిగా చూస్తే 20కి 30 కలిపి 50, అందులో 20. అంటే 0.40. మూడు మళ్ళ సగటు చూస్తే మడి గోల మూడో వంతుకి, అంటే 10కి తగ్గుతుంది. అప్పుడు 30లో 20, అంటే 0.67. ఆరు మళ్ళు వేసి ఉంటే 25లో 20, అంటే 0.80.

ఇక్కడ ఆగాలి. విత్తనాలు మారలేదు. పొలం మారలేదు. వాటా మాత్రం 0.40 నుంచి 0.80కి పోయింది. మారింది ఒక్కటే, మనం ఆ రకానికి ఎన్ని అవకాశాలు ఇచ్చామన్నది. ఒక్క మడిలో చూసినప్పుడు ఒక రకం సగటు కంటే ఎకరానికి 10 బస్తాలు ఎక్కువిచ్చిందనుకోండి. దాని మీద వచ్చే ఏడు పెట్టుకోదగ్గ ఆశ 4 బస్తాలే. మిగతా 6 బస్తాలు ఆ మడివి. వాటిని విత్తనం ఖాతాలో రాశామంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అదే 10 బస్తాల ఆధిక్యం ఆరు మళ్ళ సగటులో కనిపిస్తే 8 బస్తాల దాకా నమ్మొచ్చు.

నాకు దీంట్లో ఒక నీతి కనిపిస్తుంది. రెండో అవకాశం, మూడో అవకాశం అన్నమాటని మనం దయ భాషలో వాడతాం. "పాపం, ఇంకో ఛాన్స్ ఇద్దాం" అంటాం. పొలంలో అది దయ కాదు, తెలుసుకోవడానికున్న షరతు. ఇంకో మడి ఇవ్వకుండా తీర్పు చెప్పినవాడు కఠినాత్ముడే కాదు, అసలు విషయం తెలియనివాడు కూడా.

ఇంకో మాట. ఒక్కోసారి లెక్కలో మడుల తేడా 30 ఉండి, రకాల మధ్య తేడా 25 మాత్రమే వస్తుంది. 25లోంచి 30 తీస్తే మైనస్. వేరియన్స్ మైనస్ కావడానికి వీల్లేదు. అంటే ఈ పొలం, ఈ ఏడు, ఈ రకాల మధ్య తేడా చూపించలేకపోయిందన్నమాట. అప్పుడు సున్నా అని రాసుకుని, మళ్ళీ వేస్తారు. మనుషుల గురించి మాట్లాడేటప్పుడు "ఈసారి తేలలేదు" అని ఎవరు ఎప్పుడు రాసుకున్నారో గుర్తు తెచ్చుకోండి. నాకైతే గుర్తు రావట్లేదు.

ఈ లెక్కల చరిత్రలో మన తెలుగు మనిషి ఒకాయన ఉన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కేంబ్రిడ్జ్‌లో ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. పైన నేను చెప్పిన తీసివేత, భాగహారం అన్ని మళ్ళూ సవ్యంగా పండినప్పుడు చక్కగా నడుస్తుంది. నిజమైన పొలంలో ఒక మడి ముంపులో పోతుంది, ఒకటి ఎలుకల పాలవుతుంది. అలాంటప్పుడు కూడా తేడాల్ని ఎవరి వాటా వారికి పంచడానికి 1970ల మొదట్లో రావు ఒక పద్ధతి చెప్పారు. మింక్వీ అని దాని పేరు. వాటా పంచడం ఎంత సున్నితమైన పనో ఆ పద్ధతి చూస్తే అర్థమవుతుంది.

సరే, ఇంత జాగ్రత్తగా లెక్కగట్టిన విత్తనం వాటా చేతికొచ్చాక, దాని అర్థం ఏమిటి? చాలామంది పొరపడేది ఇక్కడే.

ఒకే సాంబ మసూరి విత్తనం వేసిన పొలం తీసుకోండి. అక్కడి కర్రలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకటే. గింజ సన్నగా ఉండటం, వండితే ఆ రుచి, అదంతా విత్తనం నుంచి వచ్చిందే. కానీ ఆ పొలంలో కర్రకీ కర్రకీ మధ్య తేడాలో విత్తనం వాటా ఎంత? సున్నా. ఉన్న తేడా అంతా నేలదే. అంటే ఒక గుణం పూర్తిగా జన్యువుల వల్లే వచ్చినా హెరిటబిలిటీ సున్నా కావచ్చు. ఎందుకంటే అది గుణం గురించిన కొలత కాదు, తేడాల గురించిన కొలత. ఒక మనిషిని చూపించి "ఈయన తెలివిలో ఎంత శాతం పుట్టుక, ఎంత శాతం పెంపకం" అని అడగడం, ఒక్క కర్రని చూపించి అడిగినట్టే. ఆ ప్రశ్నకి తప్పు జవాబు కూడా లేదు, ప్రశ్నే నిలబడదు.

రెండోది, సిద్దిపేట ప్రాంతంలో మక్కజొన్న వేసే ఏ రైతుకైనా తెలిసిన సంగతి. హైబ్రిడ్ మక్కలు ఈ ఏడు బ్రహ్మాండంగా పండాయని వాటినే దాచి వచ్చే ఏడు వేస్తే చేను ఎత్తుపల్లాలుగా వస్తుంది. "పోయినేడు గింత మంచిగ పండింది గదనే అన్నా, అవే ఇత్తనాలు ఎందుకు పెట్టకూడదు?" అని కొత్తగా చేసేవాడు అడిగితే, అనుభవమున్న పక్క చేనాయన నవ్వుతాడు. ఆ గొప్పతనం జన్యువుల వల్లే వచ్చింది, నిజమే. కానీ అది రెండు వంశాలు కలిసిన ఆ ఒక్క కలయికది. అది అట్లాగే పిల్లలకి దిగదు. "జన్యుపరమైనది" అన్నమాటా "వారసత్వంగా వచ్చేది" అన్నమాటా ఒకటి కాదని శాస్త్రం పేరు పెట్టి చెప్పింది. మక్కల రైతుకి ఆ తేడా ప్రతి ఏడూ విత్తన సంచి కొనేటప్పుడు డబ్బు రూపంలో తెలుస్తుంది. రాజకీయ వారసుల గురించి, సినిమా వారసుల గురించి మాట్లాడే మనకే తెలియదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. 1969లో అమెరికాలో ఆర్థర్ జెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య ఐక్యూ తేడా వెనక జన్యువులు ఉండొచ్చని పెద్ద వ్యాసం రాశాడు. తెలివిలో హెరిటబిలిటీ ఎక్కువ అన్నది ఆయన వాదనకి ఒక మూలస్తంభం. మరుసటి ఏడాది జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ ఒక పొలం ఉదాహరణతో జవాబిచ్చాడు. దాన్ని మన నేలలోకి తెచ్చి చెప్తాను. ఒకే సంచిలోంచి రకరకాల గింజలు కలిసిన విత్తనం రెండు గుప్పిళ్ళు తీయండి. ఒక గుప్పెడు మంచి నల్లరేగడిలో, ఒక గుప్పెడు ఎండిన చెలకలో చల్లండి. రెగడి అంతా ఒకేలా ఉంది, చెలకంతా ఒకేలా ఉంది అనుకుందాం. అప్పుడు రెగడి లోపల మొక్కకీ మొక్కకీ తేడా అంతా విత్తనానిదే. చెలక లోపలా అంతే. రెండు చోట్లా విత్తనం వాటా నూటికి నూరు. మరి రెగడి పంటకీ చెలక పంటకీ మధ్య తేడా? అందులో విత్తనం వాటా సున్నా. సంచి ఒకటే కదా. ఒక గుంపు లోపలి కొలతని తీసుకెళ్ళి రెండు గుంపుల మధ్య తేడాకి అంటించడం లెక్కల్లో తప్పు. కులాల గురించి మనం ఇళ్ళల్లో అలవోకగా అనే మాటల్లో సగం ఈ తప్పే.

నాలుగోది. విత్తనం వాటా ఎంత ఎక్కువున్నా, పంటని ఎంత పెంచొచ్చో అది చెప్పదు. ఏళ్ళ తరబడి బోర్ల మీద, వాన మీద బతికిన సిద్దిపేట ప్రాంతంలో 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి గోదావరి నీళ్ళొచ్చాయి. కాలవ కింద పొలమంతటికీ నీళ్ళు సమానంగా అందితే అన్ని రకాల దిగుబడీ పెరుగుతుంది. రకాల మధ్య వరుస అలాగే ఉండొచ్చు, విత్తనం వాటా కూడా అలాగే ఉండొచ్చు, అయినా ఇంటికొచ్చే బస్తాలు మారిపోతాయి. మనిషి పొడవు కూడా ఇంతే. పొడవులో తేడాలకి విత్తనం వాటా చాలా ఎక్కువ. అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ళ సగటు ఎత్తు నూరేళ్ళలో సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. జన్యువులు నూరేళ్ళలో అంతగా మారవు. తిండి మారింది.

ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. నేలని ఎంత సమానం చేస్తే, మిగిలిన తేడాల్లో విత్తనం వాటా అంత పెరుగుతుంది. 2019 జులైలో చంద్రశేఖర్ రావు చింతమడకలో ప్రతి కుటుంబానికీ 10 లక్షల రూపాయల లబ్ధి ప్రకటించారు. అలాంటి పథకం ఏ ఊళ్ళోనైనా పూర్తిగా పనిచేసి, అన్ని ఇళ్ళూ నిజంగానే సమానమయ్యాయనుకుందాం. అప్పుడు పిల్లల మధ్య మిగిలే తేడాల్లో పుట్టుక వాటా ఇప్పటికంటే ఎక్కువ కనిపిస్తుంది. న్యాయమైన సమాజంలో హెరిటబిలిటీ ఎక్కువ ఉంటుంది! కాబట్టి ఆ అంకె ఎక్కువ ఉంటే తలరాత అనీ, తక్కువ ఉంటే స్వేచ్ఛ అనీ అనుకోవడానికి లేదు. అది ఫలానా జనంలో, ఫలానా పరిస్థితుల్లో, ఫలానా కాలంలో తీసిన ఒక ఫోటో.

ఇప్పుడు మన ఇంటి ప్రశ్నకి వద్దాం: మెరిట్. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో 160 ప్రశ్నలు, 3 గంటలు. ఒక విత్తనం, ఒక మడి, ఒక పూట. వచ్చిన ర్యాంకు అబద్ధం కాదు. ఆ రోజు ఆ పిల్లో పిల్లాడో అంత చేయగలిగారన్నది నిజం. కొన్ని పనులకి ఆ నిజం చాలు కూడా. నాకు ఆపరేషన్ చేసే డాక్టర్‌కి కత్తి పట్టడం వచ్చా రాదా అన్నదే నాకు కావాలి, ఎందుకొచ్చిందన్నది కాదు. వడ్ల వ్యాపారికి బస్తా తూకం చాలినట్టు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తూకాన్ని విత్తనం అని చదివినప్పుడు. "రిజర్వేషన్‌తో వచ్చినవాడు" అనే మాటలో ఉన్న అసలు బరువు ర్యాంకు గురించి కాదు, రక్తం గురించి. ఆ మాట అనేవాళ్ళు ఎన్ని రెప్లికేషన్లు చూశారు? లాటరీ ఎవరు తీశారు? కాలవ పక్క మళ్ళన్నీ తరతరాలుగా ఒకే రకం విత్తనానికి ఇచ్చి, చివరి చౌడు మళ్ళన్నీ ఇంకో రకానికి ఇచ్చిన ట్రయల్‌ని ఏ శాస్త్రవేత్తా లెక్కలోకి తీసుకోడు. కాగితం చింపేసి మళ్ళీ వేయమంటాడు.

అయితే పొలం పాఠాన్ని ఇంత ఉత్సాహంగా సమాజానికి తెచ్చేటప్పుడు ఒక భయం కూడా ఉండాలి. ఎందుకంటే ఈ పాఠం రాసినాయనే దాన్ని మరిచిపోయాడు. 1918లో "వేరియన్స్" అనే మాటని ఈ అర్థంలో తెచ్చింది, 1919 నుంచి ఇంగ్లాండ్‌లో రోథమ్‌స్టెడ్ పొలాల్లో పనిచేస్తూ లాటరీ పద్ధతిని నిలబెట్టింది ఫిషరే. అదే ఫిషర్ విద్యార్థిగా ఉన్నప్పుడే, 1911లో, కేంబ్రిడ్జ్‌లో యూజెనిక్స్ సంఘం పెట్టినవాళ్ళలో ఒకడు. 1930లో రాసిన తన ప్రసిద్ధ గ్రంథంలో దాదాపు మూడో వంతు మనుషుల "మేలుజాతి" గురించే. గోధుమ మడికి చీటీ తీయకుండా తీర్పు చెప్పొద్దన్నవాడు, ఇంగ్లాండ్ పైతరగతి వాళ్ళకీ కిందితరగతి వాళ్ళకీ చీటీలు ఎవరు తీశారని అడగలేదు.

అందుకే పొలంలోంచి ఏం తెచ్చుకోవాలో స్పష్టంగా ఉండాలి. వంగడాలు చేసేవాడి పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి జాగ్రత్త, రెండోది ఏరివేత. మూడు చోట్ల, మూడేళ్ళు, పదే పదే వేసి చూడటం జాగ్రత్త. ఆ తర్వాత నూటికి తొంభై పైగా రకాల్ని పారేయడం ఏరివేత. వరి కంకికి పారేస్తే బాధ లేదు. దానికి తన బతుకు ఎలా ఉండాలో తనకంటూ ఒక ఉద్దేశం లేదు. పైగా ఏది మంచి రకమో చెప్పేది కంకి కాదు, బియ్యం తినే మనం. మనుషుల్లో ఆ "మనం" ఎవరు? ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఫిషర్ దగ్గర ఆ కుర్చీ గురించిన సందేహమే లేదు. మనకుండాలి. జాగ్రత్తని తెచ్చుకుందాం, ఏరివేతని ఆ గట్టు మీదే వదిలేద్దాం.

మనిషిని రెప్లికేట్ చేయలేం. ఒకే పిల్లని మూడు ఇళ్ళల్లో, మూడు కులాల్లో, మూడు ఊళ్ళల్లో పెంచి సగటు తీయలేం. కవలల మీద అధ్యయనాలున్నాయి, కానీ వాళ్ళు పెరిగే ఇళ్ళు కూడా లాటరీ తీసి ఇచ్చినవి కావు. అంటే ఒక మనిషి విత్తనం గురించి మనకి ఎప్పటికీ ఉండేది ఒక్క మడి సాక్ష్యమే. 1965 నుంచి దేశమంతా పదుల చోట్ల ఒకే వరి రకాల్ని వేసి చూస్తున్న అఖిల భారత వరి సమన్వయ పరిశోధనలో, ఒక్క చోట గెలిచిన రకాన్ని ఎవరూ గొప్పదని ప్రకటించరు. ఒక్క చోట ఓడిపోయినదాన్ని పనికిరానిదనీ అనరు. వడ్ల విషయంలో ఇంత మర్యాద పాటించే దేశం మనది.

పక్కింటి పిల్లాడి మార్కులు చూసి "వాళ్ళ వంశమే అంత" అని నోటిదాకా వచ్చినప్పుడు, అది మెచ్చుకోలైనా సరే తిట్టైనా సరే, ఎన్ని మళ్ళు చూసి అంటున్నామో ఒక్కసారి లెక్కపెట్టుకోవడం మన చేతిలో పని. ఎంత లెక్కపెట్టినా ఒకటే వస్తుంది. ఒక్క మడి చూసిన చోట ఆపగలిగింది తీర్పు. ఇవ్వగలిగింది ఇంకాస్త నీరు.